లండన్ మార్కెట్టుకు ఎదురు తుమ్మినవాణ్ణి

మా ఊరి బస్టాండు దగ్గర ట్రావెల్స్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని వీసా కోసం ఎదురుచూసే పిల్లలు నన్ను చూడగానే అడిగేది ఒకటే. "పెద్దాయనా, కువైట్లో ఏం పని జేసినావు?" ఇంటి డ్రైవరు పని అని నిజం చెప్పినంతకాలం వాళ్ళు నా మొహం కూడా సరిగా చూసేవాళ్ళు కాదు. అందుకని జవాబు మార్చాను. లండన్ షేర్ మార్కెట్టులో చేశాను అంటున్నాను ఈమధ్య. అప్పుడు జరిగి చోటిస్తున్నారు. టీ కూడా చెబుతున్నారు.

అది పూర్తిగా అబద్ధమని నేను ఒప్పుకోను. నేను లండన్ చూడలేదు. ఆ మార్కెట్టు ఏ వీధిలో ఉందో, దానికి గేటు ఎటుందో తెలియదు. కానీ కువైట్లోని సాల్మియాలో ఒక పెద్దమనిషి ఇంట్లో, ఆయన కుర్చీ పక్కన నిలబడి, లండన్లో ఏది కొనాలో ఎప్పుడు కొనకూడదో కొన్నేళ్ళపాటు నిర్ణయించింది నేనే. నేనంటే నేను కాదు, నా ముక్కు. పిల్లల్లారా, మీరు రేపు ఏ దేశం పోయినా మీకు అప్పగించిన పని ఒకటి, మీరు నిజంగా చేసే పని ఇంకొకటి అవుతుంది. అది చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మొదట షుఐబా ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలీగా పైపులు మోశాను. నడుము పట్టేశాక డ్రైవింగ్ లైసెన్సు సంపాదించుకుని ఈ ఇంట్లో చేరాను. ఇంటాయన సర్కారు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మేమంతా బాబా అనేవాళ్ళం. ఆయన భార్యను మామా అనేవాళ్ళం. ఇంట్లో వంట చేసే ఆమెది గోదావరి జిల్లా. శుక్రవారం శుక్రవారం చర్చికి వెళ్ళే మనిషి. నన్ను అన్నయ్యా అనేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే కాబట్టి మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక తగాదా ఉండేది.

రిటైరైన బాబాకు పొద్దు గడవక లాప్‌టాప్‌లో లండన్ మార్కెట్టు చూడటం అలవాటైంది. అక్కడ పొద్దున తలుపులు తెరిచేసరికి మాకు పొద్దెక్కి ఉండేది. చలికాలం వస్తే లండన్ వాళ్ళు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. కువైట్ వాళ్ళు తిప్పరు. దాంతో ఆ రోజు నుంచీ మా ఇంట్లో బాబా టీ, మామా బజారు, వంట, నా భోజనం, అన్నీ ఒక గంట జరిగేవి. లండన్లో ఎవడో గడియారం తిప్పితే సాల్మియాలో నాకెందుకు ఆకలి కావాలని నేను చాలా రోజులు గొణుక్కున్నాను.

అంతకంటే పెద్ద అన్యాయం శుక్రవారం సంగతి. కువైట్లో మన కడప, రాయచోటి వాళ్ళందరికీ సెలవంటే శుక్రవారమే. సిటీలో కలుసుకోవడం, ఊరి కబుర్లు, హోటల్లో భోజనం, అన్నీ ఆ రోజే. లండన్ వాళ్ళకు ఆ సంగతి తెలియదు. వాళ్ళు శుక్రవారం దుకాణం తెరిచి శని, ఆదివారాలు మూస్తారు. బాబా శుక్రవారం నమాజుకు వెళ్ళొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంటే నేను టీ పట్టుకుని పక్కన నిలబడాలి. ఆదివారం నాకు పని ఉండేది కాదు, కానీ ఆ రోజు నా స్నేహితులంతా డ్యూటీలో ఉండేవాళ్ళు. ఒక్కణ్ణే సముద్రం ఒడ్డున కూర్చుని పల్లీలు తినేవాణ్ణి.

ఆ మార్కెట్టంటే ఏమిటో ఒకసారి బాబానే చెప్పాడు. ఒక కంపెనీకి గని తవ్వాలన్నా, ఓడలు కొనాలన్నా బోలెడు డబ్బు కావాలి. తనను తాను చిన్న చిన్న ముక్కలు చేసుకుని లండన్ మార్కెట్టులో అమ్మకానికి పెడుతుంది. ఏ దేశంవాడైనా కొనుక్కోవచ్చు. వద్దనుకున్నప్పుడు అక్కడే మరొకడికి అమ్ముకోవచ్చు. నాకు వెంటనే అర్థమైంది. మా ఊళ్ళో నలుగురు కలిసి పొత్తులో బోరు వేస్తారు. నీళ్ళు పడితే వంతులు పంచుకుంటారు, పడకపోతే నలుగురూ మునుగుతారు. మధ్యలో ఒకడికి పిల్ల పెళ్ళి వస్తే తన వంతు ఇంకొకడికి అమ్ముకుంటాడు. ఈ మాట నాకొచ్చిన అరబ్బీలో, రానిచోట చేతులతో చెప్పాను. బాబా ఎంతో సంతోషపడ్డాడు.

"సరిగ్గా అదే. కాకపోతే లండన్లో ఆ నలుగురూ ఒకరినొకరు చూడరు" అన్నాడు.

"చూడకుండా డబ్బెలా ఇస్తారు బాబా? బోరు వేసేవాడు దొంగైతే?"

"అందుకే కదా ఆ మార్కెట్టు. లెక్కలు చూపించనివాణ్ణి లోపలికి రానివ్వరు. ఎవరి మొహం ఎవరూ చూడకపోయినా నమ్మి డబ్బు పెట్టడానికే అది ఉంది. ప్రపంచంలో సగం గనులకూ సగం ఓడలకూ అట్లాగే డబ్బు వస్తుంది."

అయినా నాకు లోపల అనుమానం పోలేదు. బోరు వేసేవాణ్ణి చూడకుండా మా నాయన రూపాయి కూడా ఇచ్చేవాడు కాదు.

ఇక తుమ్ము సంగతి. ఒకరోజు బాబా ఏదో కంపెనీ ముక్కలు కొనబోతున్నాడు. వేలు మీట మీద పెట్టాడు. నేను టీ తెచ్చాను. నా వెనకాలే వచ్చిన మా చెల్లెమ్మ గుమ్మంలో నిలబడి గట్టిగా తుమ్మింది. ఒంటి తుమ్ము. ఆ క్షణంలో నేను సాల్మియాలో ఉన్నానని మరిచిపోయాను. పొలం పనికి బయలుదేరిన మా చిన్నాయన ముందు ఎవరైనా తుమ్మితే ఏం అంటామో అదే నోటికొచ్చింది.

"ఇస్బర్ బాబా, కొంచెం ఆగండి. కూర్చుని నీళ్ళు తాగి ఆ తర్వాత నొక్కండి."

ఆయన అప్పటికే కూర్చునే ఉన్నాడు. అయినా నేను టీ కప్పు పక్కన పెట్టి, పరుగున పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చాను. నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, ఆయన మారుమాట లేకుండా తాగాడు. తాగి గ్లాసు కింద పెట్టేలోగా లాప్‌టాప్‌లో ఏదో గంట మోగింది. ఆ కంపెనీకి నష్టం వచ్చిందని వార్త. ధర గబగబా కిందికి పడిపోయింది. బాబా ఒకసారి తెర వైపు, ఒకసారి గ్లాసు వైపు, ఒకసారి నా వైపు చూశాడు.

వాళ్ళ మతంలో తుమ్ము చెడ్డది కాదు. తుమ్మినవాడు అల్ హందు లిల్లా అని దేవుడికి దండం పెట్టుకుంటాడు. శకునాలు చూడటమే తప్పు. బాబా నిష్ఠగల మనిషి కాబట్టి చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఒక దారి కనిపెట్టాడు.

"తుమ్ము దేవుడి దయ. ఆగడం ఓర్పు. ఓర్పు ఎప్పుడూ మంచిదే. నేను శకునం చూడటం లేదు, ఓర్పు పట్టడం నేర్చుకుంటున్నాను" అని నాకు చెప్పి, ఆ తర్వాత ఎందుకైనా మంచిదని మామాకు కూడా చెప్పాడు.

అప్పట్నుంచీ ఆయన ఏది కొన్నా నేను పక్కన ఉండి తీరాలి. ఎవరైనా తుమ్మితే నేను ఇస్బర్ అనాలి, ఆయన నీళ్ళు తాగాలి, ఆ రోజుకు ఆ బేరం ఖలాస్. ఈ సంగతి చుట్టాలందరికీ తెలిసిపోయింది. కొందరు నవ్వారు, కొందరు తమ డ్రైవర్లను తుమ్మి చూపించమన్నారు.

వంటింట్లో మా చెల్లెమ్మకు దీంతో అధికారం వచ్చింది. "నేను శకునాలూ గికునాలూ నమ్మనండీ, ప్రార్థన చేసుకునే మనిషినండీ" అంటూనే, మామాకు బజారు పని ఉన్న రోజు సరిగ్గా మార్కెట్టు తెరిచే వేళకు నూనెలో ఎండుమిరపకాయలు వేసేది. ఘాటు గదిలోకి రాగానే ఇల్లంతా తుమ్ములు. బాబా నీళ్ళు తాగి లాప్‌టాప్ మూసి మామాను బజారుకు తీసుకెళ్ళమని నాకు చెప్పేవాడు.

"ఏందిమ్మే, లండన్ను పోపులో ఏసి ఏపుతాండావు?" అంటే, "పప్పులోకి తాలింపు పెట్టుకోవడం కూడా తప్పేనాండీ?" అనేది. మామా మాత్రం ఆమెకు ప్రతిసారీ ఒక కొత్త స్కార్ఫు కొనిపెట్టేది.

ఇంతలో ఊళ్ళో నేను కట్టించుకుంటున్న ఇల్లు పూర్తయింది. పైపులు మోసిన నడుముతో, బాబాకు తాగించిన నీళ్ళతో, తినని శుక్రవారం భోజనాలతో కట్టిన ఇల్లు. అభిజిత్ లగ్నంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టారని మా ఆవిడ ఫోన్ చేసింది. వెళ్ళి సెలవు అడిగితే బాబా తల అడ్డంగా ఊపాడు.

"మా చెల్లెలి కొడుకు కంపెనీ లండన్ మార్కెట్టులోకి రాబోతోంది. ఆ రోజు నువ్వు నా పక్కన ఉండాలి. అది అయ్యాక వెళ్ళు" అన్నాడు.

ఆ మేనల్లుడు ఎవరితోనో కలిసి ఎక్కడో ఎడారిలో ఖనిజాలు తవ్వే కంపెనీ పెట్టాడు. భాగస్వాములు మొదటి రోజు వేడుకకు లండన్ వెళ్ళారు. ఇతను కువైట్లో ఉండి చుట్టాల చేత కొనిపించే పని పెట్టుకున్నాడు. తెరవగానే నలుగురు పెద్దలు కొంటే ధర నిలుస్తుందట. బాబా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా దాంట్లో పెట్టించాలని మేనల్లుడు రోజూ వచ్చి కూర్చునేవాడు. వాళ్ళమ్మ ఫోన్ చేసి ఏడ్చేది. మార్కెట్టులోకి వచ్చే రోజు మాత్రం అప్పుడో ఇప్పుడో అంటూ జరుగుతూ పోయింది, నా ముహూర్తం దగ్గరికొస్తూ వచ్చింది.

"రాలేకపోతే ఫోటో పెట్టుకుని చేసేయండి" అని నీరసంగా చెప్పాను మా ఆవిడకు.

"బతికుండే మొగుని ఫోటో పక్కన పెట్టుకోని పీట మీద ఎట్ల కూచునేది? చూసినోళ్ళు దాని మీద పూలేసి పోతారు. నువ్వన్నా రా, లేదంటే ఇల్లన్నా అమ్మెయ్" అంది. ఆ మాట అని ఫోన్ పెట్టేసింది. ఆ ఇంటి గడప నేను ఫోన్లో తప్ప చూడలేదు.

చివరికి కంపెనీ మార్కెట్టులోకి వచ్చే రోజు తేలింది. ముహూర్తానికి ఇంకా రెండు మూడు రోజులు ఉంది. దానికి ముందు రోజు సాయంత్రం మేనల్లుడు నన్ను కారు దగ్గరికి పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"రేపు మామయ్య కొంటే సాయంత్రం నేనే నిన్ను ఎయిర్‌పోర్టులో దింపుతాను. ఎవడైనా తుమ్మి రేపు కొనకపోతే ఎల్లుండి, ఎల్లుండి కాకపోతే ఆ మర్నాడు. అప్పటిదాకా నువ్వు కదలవు. అర్థమైందా సదీక్?"

సదీక్ అంటే స్నేహితుడా అని. ఎందుకు కాదు, బాగా అర్థమైంది. ఆ రోజు ఆ ఇంట్లో ఈగ కూడా తుమ్మకూడదు.

అయితే తెల్లారేసరికి ఆకాశం పసుపురంగులో ఉంది. దుమ్ము తుఫాను. అరబ్బులు తోజ్ అంటారు. ఎదురింటి గోడ కనిపించడం లేదు, పళ్ళ మధ్య ఇసుక కరకరలాడుతోంది. కువైట్లో ఉన్న ముక్కులన్నీ తుమ్మే రోజు అది. నాకు ఏడుపొచ్చింది.

ఏడుస్తూ కూర్చుంటే పని జరగదు కదా. తడి తువ్వాళ్ళు తెచ్చి తలుపు సందుల్లో కుక్కాను. అల్ రాయ్ గరాజులో కారు కోసం కొన్న కొత్త ఫిల్టరును ఏసీకి అడ్డంగా తాడుతో కట్టాను. మిరియాల డబ్బా, ఎండుమిరపకాయలు ఒక సంచిలో వేసి కారు డిక్కీలో పెట్టి తాళం వేశాను. మామా సాంబ్రాణిలా వేసుకునే బుఖూర్ గిన్నెను మంచం కింద దాచాను. మేనల్లుడు మాస్కుల పెట్టె తెచ్చి అందరి మొహాలకూ తగిలించాడు. బాబా గది ఆపరేషన్ థియేటర్ లాగా తయారైంది.

వింతగా ప్రవర్తించింది బాబా ఒక్కడే. కుర్చీలో కూర్చున్న మనిషి లేచి వెళ్ళి కిటికీ తెరిచాడు.

"గాలి ఆడటం లేదు" అన్నాడు.

నేను పరుగున వెళ్ళి మూశాను. ఆయన నన్ను అదోలా చూశాడు. కాసేపటికి మిరియాలు దట్టంగా వేసి సూప్ తెమ్మన్నాడు. మిరియాలు అయిపోయాయని చెప్పాను. బుఖూర్ వెయ్యమన్నాడు. బొగ్గులు లేవన్నాను. అప్పుడాయన, జీవితంలో చీపురు ముట్టని మనిషి, ఈకల దులుపుడు కర్ర తీసుకుని పుస్తకాల బీరువా దులపడం మొదలుపెట్టాడు. దుమ్ము లేచేలోగా నేను తడిగుడ్డతో వెంటపడ్డాను. గుమ్మంలో నిలబడ్డ మామా మాస్కు మీద స్కార్ఫు కొస కూడా అడ్డం పెట్టుకుంది. దుమ్ముకు అనుకున్నాను.

"సదీక్, నీకు జలుబేమన్నా ఉందా?" అన్నాడు బాబా ఆశగా.

"లేదు బాబా. మీ దయవల్ల ముక్కు బ్రహ్మాండంగా ఉంది."

ఆయన నిట్టూర్చి కుర్చీలో కూలబడ్డాడు. మార్కెట్టు తెరిచే వేళ దగ్గరపడింది. మేనల్లుడు ఆయన భుజం మీద చెయ్యివేసి కూర్చున్నాడు. టీ కోసం వంటింట్లోకి వెళ్తే మా చెల్లెమ్మ నా మాస్కు పట్టుకుని లాగింది.

"అన్నయ్యా, మీకు కళ్ళు గానీ పోయినాయాండీ? ఆ పెద్దాయనకి తుమ్ము కావాలండీ."

"తుమ్మెందుకు?"

"కొనడం ఆయనకిష్టం లేదండీ. చెల్లెలి కొడుకుని మొహం మీద వద్దని ఎలా చెబుతారు? నోరు తెరిచి కాదనలేక, మీ ముక్కు మీద ఆశ పెట్టుకున్నారండీ. మీరేమో పొద్దున్నించీ తువ్వాళ్ళు కుక్కుతున్నారాయె."

నాకు అప్పుడు వెలిగింది. కిటికీ, సూప్, బుఖూర్, దులుపుడు కర్ర, అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. నన్ను ఇన్ని రోజులు సెలవివ్వకుండా ఆపింది కూడా ఈ రోజు కోసమే. మొదట కోపమొచ్చింది. చెప్పి చావొచ్చు కదా అనిపించింది. ఆ తర్వాత ఆయన మీద జాలేసింది. చెల్లెలి ముందు నోరు పెగలని మగవాళ్ళను మా ఊళ్ళో బోలెడుమందిని చూశాను. అందులో మా నాయన ఒకడు.

కానీ నేను తుమ్మితే నా సంగతేమిటి? రేపు మళ్ళీ ఇదే కుర్చీ, ఎల్లుండి మళ్ళీ ఇదే. అక్కడ మా ఆవిడ పీట మీద ఒంటరిగా. టీ ట్రే పట్టుకుని గదిలోకి వెళ్ళేదాకా నాకు ఏం చేయాలో తేలలేదు. వెళ్ళాక బాబా మొహం చూశాను. ఆయన వేలు మీట మీద ఉంది. కళ్ళు మాత్రం తెర మీద కాదు, నా ముక్కు మీద ఉన్నాయి. ఆ కళ్ళు చూసి ఇంటి గడప సంగతి వదులుకున్నాను. ట్రే కింద పెట్టి మాస్కు దించి తుమ్మబోయాను.

తుమ్ము రాలేదు.

ఆకాశమంతా దుమ్ము ఉన్న రోజున, నా ముక్కు గొట్టంబావి లాగా ఎండిపోయి కూర్చుంది. ట్యూబులైటు వైపు చూశాను. ముక్కు నలిపాను. మీసం వెంట్రుక ఒకటి లోపలికి దూర్చాను. ఏమీ లేదు. చేసేది లేక నోటితో హాచ్ అన్నాను. నాకే సిగ్గేసేంత ఘోరంగా ఉంది అది.

"మామయ్యా, ఇది దొంగ తుమ్ము. వీడు నటిస్తున్నాడు. యల్లా, నొక్కు" అన్నాడు మేనల్లుడు.

బాబా కాదనలేకపోయాడు. ఆయనక్కూడా అది దొంగ తుమ్మని తెలిసిపోయింది. అప్పుడు వంటింట్లోంచి చుయ్ మని చప్పుడు వచ్చింది. నేను డిక్కీలో దాచానే గానీ, మా చెల్లెమ్మ పరుపు కింద గుంటూరు మిరపకాయల పొట్లం ఇంకొకటి ఉందని నాకు తెలియదు. ఘాటు గదిలోకి వచ్చింది. కిటికీలు మూసి, సందులన్నీ కుక్కి పెట్టింది నేనే కాబట్టి బయటికి పోయే దారి దానికి లేదు. మొదట నేను తుమ్మాను, ఈసారి అసలుది, కళ్ళజోడు ఎగిరిపడేలా. మామా తుమ్మింది. చివరికి మేనల్లుడు రెండు చేతులతో మాస్కు అదిమిపట్టుకుని, ఎర్రబడి, ఉబ్బి, తట్టుకోలేక తుమ్మాడు. మాస్కు ఊడి టీ కప్పులో పడింది.



"అల్ హందు లిల్లా" అన్నాడు బాబా. అంత మనస్ఫూర్తిగా ఆ మాట ఆయన అనడం నేను ఎప్పుడూ వినలేదు. "నువ్వే తుమ్మావు నాయనా. డ్రైవరుది దొంగదే అనుకో, నీది దొంగదంటానా? మీ అమ్మతో కూడా ఇదే చెప్పు."

నీళ్ళు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు.

"సరే, రేపు కొందాం" అన్నాడు మేనల్లుడు పళ్ళు కొరుకుతూ.

"రేపెలా? మా డ్రైవరు ఇవాళ ఇండియా వెళ్తున్నాడు. అతను పక్కన లేకుండా నేను ఏదీ కొనను. నా పద్ధతి నీకు తెలిసిందే కదా."

బాబా సొరుగు తెరిచి టికెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. ఎప్పుడో కొని పెట్టుకున్నది. నేను దాన్ని తిప్పి తిప్పి చూశాను. ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"రెండు నెలలు ఉండు. తొందరపడి రావద్దు. పొద్దున్నించీ నన్ను చంపేశావు, ఆ కిటికీ ఎందుకు మూశావు?"

సాయంత్రానికి దుమ్ము తగ్గింది. మేనల్లుడు దింపుతానన్న మాట మరిచిపోయాడు. టాక్సీ ఎక్కేముందు మా చెల్లెమ్మ పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. మా ఆవిడకు స్కార్ఫు. "వదినగారికండీ. నేను శకునాలు నమ్మనండీ, ఊరికే ఇత్తన్నాను" అంది. ఆమె కళ్ళు చెమర్చి ఉన్నాయి. ఎండుమిరపకాయల వల్లేనంది.

గృహప్రవేశం రోజున నడినెత్తి మీదికి ఎండ వచ్చింది. మా ఆవిడ పాలగిన్నె పట్టుకుంది, నేను దేవుడి పటం పట్టుకున్నాను. కొత్త ఇంటి గడప ముందు ఇద్దరం కొంగుముడితో నిలబడ్డాం. కుడికాలు ఎత్తబోతుంటే నా ఫోన్ మోగింది. మా బామ్మర్ది తీసి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. తెర మీద బాబా. పక్కన మేనల్లుడు. మన అభిజిత్ లగ్నమూ, వాళ్ళ లండన్ మార్కెట్టు తలుపులు తెరిచే వేళా ఒకటేనని అప్పుడు తెలిసింది.

"సదీక్, ఇల్లు చూపించు. మా వాడి కంపెనీ ధర పెరిగిందట. ఇప్పటికైనా కొనమంటున్నాడు" అన్నాడు బాబా. గొంతులో దిగులు వినిపించింది.

"పెరిగిందంటే, పోగొట్టుకున్నట్టే కదా బాబా" అన్నాను నేను బాధగా. తుమ్మింది నేను కదా.

"పెరగనీ. రాత్రి నిద్రపోతున్నాను. నిద్ర ఆ మార్కెట్టులో అమ్మరు" అన్నాడు.

మా పురోహితుడు తొందరపెట్టాడు. సాంబ్రాణి పొగ దట్టంగా లేచింది. మేమిద్దరం కాళ్ళెత్తాం. సరిగ్గా అప్పుడు పురోహితుడే, మంత్రం మధ్యలో, ఆపుకోలేక తుమ్మాడు. ఒంటి తుమ్ము. బంధువులంతా బొమ్మల్లా నిలబడిపోయారు. మా పెద్దత్త నీళ్ళ కోసం లోపలికి పోబోయి, ఇంకా ఎవరూ లోపలికి పోకూడదని గుర్తొచ్చి ఆగింది. పురోహితుడి మొహం చిన్నబోయింది. మా ఆవిడ పాలగిన్నెను గుండెకు దగ్గరగా పట్టుకుంది.

"అల్ హందు లిల్లా" అన్నాడు ఫోన్లోంచి బాబా, ఇల్లంతా వినిపించేలా.

నేను కూడా అదే మాట అని కుడికాలు లోపల పెట్టాను. మా ఆవిడ ఒక క్షణం నన్ను చూసి, తనూ పెట్టింది.

"అది ఏ శాఖ మంత్రం నాయనా?" అని గుసగుసగా అడిగాడు పురోహితుడు.

"సాల్మియా శాఖ సామీ."

వెనకనుంచి ఫోన్లో బాబా మేనల్లుడితో అంటున్న మాటలు వినబడుతున్నాయి. "విన్నావా? ఇండియా నుంచి కూడా వచ్చింది. అదీ దేవుడి మనిషి తుమ్ము. నేనేం చేయను చెప్పు." ఆ వెంటనే లాప్‌టాప్ మూత పడిన చప్పుడైంది. ఇక్కడ మా పొయ్యి మీద పాలు పొంగాయి.